ఎనిమిది గొట్టాల పెట్టె

మామో రహమీంకి చూపు పోయిందని సందులో అందరికీ తెలిసిన మూడేళ్ళకు గానీ ఆయన ఒప్పుకోలేదు.

"చూపు పోలేదురా. వీధి దీపాలు నీరసపడ్డాయి" అనేవాడు. తర్వాత తప్పు కళ్ళద్దాల మీద పెట్టాడు. ఆ తర్వాత గుమ్మం మెట్టు మీద, మా పిల్లి మీద, చివరికి నా మీద. ఒకసారి నా ఛాతీకి గుద్దుకుని, "దారికి అడ్డంగా ఎందుకు పెరిగావురా ఓరెల్?" అని నన్నే తిట్టాడు.

మామో అంటే మా కుర్దు యూదుల ఇళ్ళలో చిన్నాన్న. ఆయన నాకు చుట్టం కాదు. వాళ్ళ పడగ్గది గోడా మా వంటింటి గోడా ఒకటే, అంతే. కానీ జెరూసలేంలో, మా నహ్లావోత్ సందుల్లో, గోడ కలిస్తే చుట్టరికం కలిసినట్టే. తిట్టే హక్కు దానంతట అదే వస్తుంది. నేను హైఫాలో ఇంజనీరింగు రెండో ఏట వదిలేసి సంచీ మోసుకుని వచ్చిన రోజున మెట్టు మీద కూర్చుని ఆయనే మొదట అడిగాడు.

"రెండేళ్ళలో ఏం నేర్చుకున్నావురా?"

"వదిలేయడం నేర్చుకున్నాను మామో."

"దానికి హైఫా దాకా ఎందుకు? మీ నాన్నని అడిగితే ఇంట్లోనే నేర్పేవాడుగా."

మా నాన్న కిటికీలోంచి విని తల ఊపాడు. నిజమే మరి.

రహమీం బరాషీ రేకు పనివాడు. బజారు వెనక రేకుల వాళ్ళ సందులో యాభై ఐదేళ్ళు ఒకే బల్ల ముందు కూర్చున్నాడు. వాన గొట్టాలు, నూనె డబ్బాలు, కిరసనాయిలు పొయ్యిలకు పొగగొట్టాలు చేశాడు. చలికాలం ముందు మాత్రం ఇవన్నీ పక్కన పెట్టి ఎనిమిది రోజుల హనుక్కా పండుగకి దీపాల పెట్టెలు చేసేవాడు. వెనకా పైనా రేకు, ముందు గాజు తలుపు, లోపల ఎనిమిది గాజు గిన్నెలు పట్టే అర. మా సందులో పద్దెనిమిది గుమ్మాలుంటే పద్నాలుగు గుమ్మాల పక్కన ఉన్నవి ఆయన చేతి పెట్టెలే.

దీపం గుమ్మానికి ఎడమవైపు బయట పెట్టాలి. కుడివైపు మెజూజా, లేఖనం చుట్టి పెట్టిన చిన్న డబ్బీ, ఎలాగూ ఉంటుంది, దాని ఎదురుగా ఇది. దారిన పోయేవాడికి కనపడాలి, అందుకే బయట. మొదటి రోజు ఒకటి, రెండో రోజు రెండు, అలా ఎనిమిది దాకా. ఆ వెలుగులో పని చేయకూడదు. చదవకూడదు, కుట్టకూడదు, చెప్పులు వెతుక్కోకూడదు. ఊరికే చూడాలి, అంతే. పొరపాటున ఏమైనా వాడుకున్నా అది దీని వెలుగు అనుకోవడానికి తొమ్మిదోది ఒకటి కొంచెం ఎత్తులో పెడతాం. దాని పేరు షమాష్, పనివాడు. యూరపు నుంచి వచ్చిన అష్కనాజీల ఇళ్ళలో మనిషికొక దీపాల వరస పెడతారు, పిల్లలకి కూడా. మా ఇళ్ళలో ఇంటికి ఒకటే వరస. ఇంటిపెద్ద వెలిగిస్తాడు, మిగతావాళ్ళు ఆమెన్ అంటారు.

గొడవంతా ఆ ఒక్క వరస దగ్గరే వచ్చింది.

పోయినేడు ఆరో రోజు సాయంత్రం మామో ఎప్పటిలాగే మెట్టు మీద ఒంటి మోకాలి మీద కూర్చుని, దీవెన చదివి, సన్నటి మైనపు వత్తితో వెలిగించాడు. ఎడమ నుంచి మొదలెట్టాలి, ఆ రోజు కొత్తగా చేరిన దాన్నుంచి. చెయ్యి అలవాటుగా కదిలింది. ఒక గిన్నెకి రెండుసార్లు మంట అందించాడు. రెండు గిన్నెలకి అసలు అందలేదు. చొక్కా చేతికి కాస్త అంటుకుంటే ఆయన భార్య అస్మర్ పిన్ని తన అరచేత్తో కొట్టి ఆర్పింది. ఆరు వెలగాల్సిన చోట నాలుగు వెలిగాయి. మెట్టు దగ్గర మేం ఏడుగురం ఉన్నాం. ఏడుగురమూ ఆమెన్ అన్నాం.

ఎవరూ చెప్పలేదు.

మర్నాడు ఉదయం గిన్నెలు కడగడానికి తీస్తుంటే రెండు గిన్నెలు నిండుగా నూనెతో బరువుగా ఆయన చేతికి తగిలాయి. వేలు ముంచి చూశాడట. వత్తి కొత్తగా, మెత్తగా ఉందట. అప్పుడు మా గోడ మీద మూడుసార్లు కొట్టాడు. నేను వెళ్ళాను.

"నిన్న నువ్వు ఉన్నావుగా?"

"ఉన్నాను."

"చూశావుగా?"

"చూశాను మామో."

"ఆమెన్ అన్నావుగా?"

"అన్నాను."

ఆయన ఆ రెండు గిన్నెల నూనె సింకులో వంచేశాడు. ఏడో రోజు, ఎనిమిదో రోజు అస్మర్ పిన్ని వెలిగించింది. ఆయన లోపల మంచం మీద కూర్చుని అక్కణ్ణుంచే ఆమెన్ అన్నాడు.

ఈ ఏడు చలి మొదలయ్యే నాటికి కళ్ళు పూర్తిగా పోయాయి. నీటికాసుల జబ్బు, డాక్టర్లు ఎప్పుడో చెప్పారు. ఆ సంగతి ఒప్పుకున్నాడు. కానీ దీపం సంగతి ఒప్పుకోలేదు.

"ఈసారి కూడా నేనే వెలిగిస్తాను. ఇక మాట్లాడొద్దు" అంది అస్మర్ పిన్ని, ఉల్లిపాయలు తరుగుతూ.

"ఇంటిపెద్దని నేను."

"ఇంటిపెద్దవే. కూర్చో. కుబ్బే తిను."

"నువ్వు వెలిగిస్తే నేనేం చెయ్యాలి?"

"యాభై రెండేళ్ళు నువ్వు వెలిగిస్తే నేనేం చేశాను? ఆమెన్ అన్నాను. నోరు నొప్పి పుట్టిందా నాకు?"

ఆయన పళ్ళెం తోసేశాడు. పళ్ళెం తోసేయడం అంటే వాళ్ళింట్లో పెద్ద మాటే. అస్మర్ పిన్ని పులుపు చారులో ఉడికించిన కుబ్బేని, ఆ మాంసం కూరిన ఉండల్ని, ఎవరూ తోసెయ్యరు. నేను ఒకసారి కడుపునొప్పితో ఉండి కూడా నాలుగు తిన్నాను.

"హఖాం గారిని అడుగుదాం పద" అన్నాడు.

మా ప్రార్థన మందిరం పెద్ద హఖాం షబ్తాయ్ గారు, ఎనభై దాటిన మనిషి. ఆయన గదిలో కిరసనాయిలు పొయ్యి ఉంటుంది, దాని మీద పొగగొట్టం కూడా మామో చేసిందే. నేను మామోని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాను. అస్మర్ పిన్ని తీర్పు తన చెవులతో వినాలని వెనకే వచ్చింది.

హఖాం గారు విన్నారు, గడ్డం నిమురుకున్నారు.

"రహమీం, పుస్తకాల్లో ఉంది. చూపు లేనివాడికి భార్య ఉంటే ఆమె వెలిగించడం మేలు. ఆమె వెలిగించినా అది నీ దీపమే. నీ ఇంటి దీపమే. బాధపడే పని లేదు."

"మేలు అన్నారా, కూడదు అన్నారా?"

"మేలు అన్నారు."

"కూడదు అనలేదుగా?"

"మేలు అంటే అర్థం చేసుకోవాలి కదయ్యా. ఈ దీపం చూడటానికి పెట్టేది. నీకు కనపడదు. మరి ఎందుకు పట్టుబడతావు?"

మామో ముందుకు వంగాడు. "హఖాం గారూ, ఈ వెలుగు నేను చూసుకోవడానికా, దారిన పోయేవాడు చూడటానికా?"

"దారిన పోయేవాడు చూడటానికి."

"ఈ వెలుగు వాడుకోవచ్చా?"

"కూడదు. అది నీకూ తెలుసు."

"అయితే ఈ ఊళ్ళో నా అంత నిష్ఠగా వాడుకోకుండా ఉండేవాడు ఇంకెవడున్నాడు చెప్పండి? మీరు కూడా ఎప్పుడో ఒకసారి ఆ వెలుగులో చెప్పులు వెతుక్కునే ఉంటారు!"

హఖాం గారు ముందు దగ్గారు, తర్వాత నవ్వారు, మళ్ళీ దగ్గారు. ఆ రెంటినీ విడదీయడానికి కొంతసేపు పట్టింది. అస్మర్ పిన్ని నవ్వలేదు.

"నేనొక మాట చెప్పనా హఖాం గారూ? ఈయన చెయ్యి కాలుతుందని కాదు నా భయం. యాభై ఏళ్ళు ఆ కాలిన చేతులకి మందు రాసినదాన్ని. పోయినేడు జరిగినట్టు మళ్ళీ జరగకూడదు. వెలగని దీపాల ముందు ఈయన నిలబడి దీవెన చదువుతుంటే ఊరంతా ఆమెన్ అంది. నేనూ అన్నాను. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు."

నేను పొయ్యి వంక చూస్తూ నిలబడ్డాను.

"అందుకని నా మాట ఇది" అంది, ఇప్పుడు మామో వైపు తిరిగి. "ఎన్ని వెలుగుతున్నాయో, ఏది వెలగలేదో, ఎవరూ చెప్పకుండా నువ్వే చెప్పగలిగితే మైనపు వత్తి నీ చేతికిస్తాను. చెప్పలేకపోతే నేను వెలిగిస్తాను, నువ్వు నా పక్కన నిలబడి ఆమెన్ అంటావు. మంచం మీద కూర్చుని కాదు. నా పక్కన."

"పుస్తకాల్లో లేని తీర్పు, కానీ నాకు నచ్చింది" అన్నారు హఖాం గారు.

తిరిగి వస్తుంటే మామో మా గుమ్మం దగ్గర ఆగి, "రేపు నాకు కొట్టు తాళం తియ్యాలి. నీకు పని ఉందా, లేక ఇంకా వదిలేస్తూనే ఉన్నావా?" అన్నాడు.

నాకు పని ఉంది. స్కూటరు మీద ఇంటింటికీ భోజనాలు అందిస్తాను. కానీ ఆ మాట చెప్పలేదు.

కొట్టు మూతపడి రెండేళ్ళయింది. ఆయన లోపలికి అడుగుపెట్టగానే మారిపోయాడు. ఇంట్లో గోడలు తడుముకునే మనిషి, అక్కడ చెయ్యి చాపితే రేకు కత్తెర చేతిలోకి వచ్చింది. ఇంకోవైపు చాపితే సుత్తి. నేను సాయం చెయ్యబోతే కసిరాడు.

"అది కదపకు! దాని చోట అది ఉంటేనే నాకు కనపడుతుంది."

మాటు వేసే ఇనుము వేడెక్కిందో లేదో చెంప దగ్గర పెట్టుకుని చూశాడు. నేను ఆపబోయాను. "యాభై ఏళ్ళుగా ఇలాగే చూస్తున్నాను. కంటితో చూస్తే వేడి తెలుస్తుందట్రా, పిచ్చోడా?" అన్నాడు. ఆ మాట అనేసి ఆయనే ఒక క్షణం ఆగిపోయాడు.

ఆయన ఆలోచన కూడా అదే, వేడిని చేత్తో పట్టడం. కొత్త పెట్టె పైకప్పుకి ప్రతి గిన్నెకి సరిగ్గా మీదుగా ఒక చిన్న గొట్టం, బొటనవేలంత పొడుగు. మొత్తం ఎనిమిది. మంట వెలిగితే వేడి ఆ గొట్టంలోంచి పైకి వస్తుంది. అరచెయ్యి పెట్టి లెక్కపెట్టొచ్చు. అర అంచున, గిన్నెకి ఒక గాటు చొప్పున ఎనిమిది గాట్లు పెట్టాడు. వేలు గాటులో పెడితే వత్తి ఎక్కడుందో తెలిసిపోతుంది.

పని చేస్తూ తన మొదటి పెట్టె సంగతి చెప్పాడు. ఆయన పుట్టింది జాఖోలో, ఇరాక్ ఉత్తరాన. నాన్న ఏటి మీద దుంగల తెప్పలు తోలేవాడు. ఐదేళ్ళప్పుడు ఇంటిల్లిపాదీ విమానం ఎక్కి ఇక్కడికొచ్చారు. దిగాక ఇచ్చింది గుడారం. ఆ చలికాలమంతా వాన. హనుక్కా మొదటి రోజు అమ్మ ఖాళీ చేపల డబ్బాలో నూనె పోసి గుడారం బయట వెలిగించింది. గాలికి ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరిపోయింది. నాన్న లేచి, ఎవరో పారేసిన పెద్ద వెన్న డబ్బాని కత్తితో చీల్చి, రాయితో కొట్టి వంచి, మూడువైపులా గోడ కట్టాడు. ముందు పగిలిన లాంతరు గాజు ముక్క. దీపం నిలబడింది. చుట్టుపక్కల గుడారాల వాళ్ళు చూడటానికొచ్చారు.

"ఏరు లేని ఊరికి తెప్పలవాణ్ణి తీసుకొచ్చి పడేస్తే ఏం చేస్తాడు? ఆరు నెలలుగా నాన్న తల ఎత్తలేదు. ఆ సాయంత్రం ఎత్తాడు. ఆ డబ్బా వెలుగులో నాన్న మొహం చూశాను. వాడుకోకూడని వెలుగే. వాడుకున్నాను. దేవుడికి లెక్క చెబుతాను."

పదమూడో ఏట రేకుల సందులో పనికి చేరాడు. ఎవరూ పంపలేదు. తనే వెళ్ళి బల్ల ముందు నిలబడ్డాడు.

గురువారం సాయంత్రం పండుగ మొదలు. మధ్యాహ్నానికి పెట్టె సిద్ధమైంది. అస్మర్ పిన్ని దాన్ని బల్ల మీద పెట్టి, మామోని గోడవైపు తిప్పి నిలబెట్టింది. "తిరిగి చూడకు" అంది, నోరు జారి. "చూస్తే నీకు బహుమానం ఇస్తాను" అన్నాడు ఆయన. ఆమె కొన్ని వత్తులు వెలిగించి తలుపు మూసింది. కొంతసేపు ఆగాం.

"ఊ, చెప్పు."

ఆయన అరచెయ్యి గొట్టాల మీదుగా నెమ్మదిగా జరిగింది. ఎడమ నుంచి కుడికి. కుడి నుంచి ఎడమకి. నుదురు ముడిపడింది.

"ఆరు."

నాలుగు వెలుగుతున్నాయి.

"ఏవేవి?" అంది పిన్ని. గొంతులో గెలిచిన సంతోషం ఏమీ లేదు.

మళ్ళీ తడిమాడు. అన్నీ వెచ్చగానే ఉన్నట్టున్నాయి. పైకప్పు ఒకటే, లోపల ఖాళీ ఒకటే. వేడి అంతా కలిసిపోయి దొరికిన గొట్టంలోంచల్లా పైకొస్తోంది. నాకు అర్థమైంది, కానీ అప్పుడు చెప్పే ధైర్యం చాల్లేదు. ఆయన చెయ్యి తీసి కోటు జేబులో పెట్టుకున్నాడు.

"వత్తి నీ దగ్గరే ఉంచు" అన్నాడు.

ఆ సాయంత్రం ఆమె మొదటి దీపం వెలిగించింది. మాట ప్రకారం ఆయన పక్కన నిలబడ్డాడు. ఆమెన్ అన్నాడు. చెయ్యి జేబులోంచి తియ్యలేదు. శుక్రవారం పొద్దుగూకేసరికి విశ్రాంతి దినం సబ్బాత్ మొదలవుతుంది కనక, ఆ దీపాలకి ముందే రెండు వెలిగించింది. ఆయన నిలబడ్డాడు. ఆమెన్ అన్నాడు. అదే జేబు.

శనివారం మధ్యాహ్నం నన్ను భోజనానికి పిలిచారు. సబ్బాత్ నాడు మేం నిప్పు ముట్టించం, వంట చెయ్యం. శుక్రవారమే వండి, వెడల్పాటి కరెంటు పలక మీద గిన్నెలన్నీ పెట్టి వదిలేస్తాం. మర్నాటికీ వేడిగా ఉంటాయి. ఆ పలక మీద ఆ రోజు ఐదు గిన్నెలున్నాయి. మామో కుర్చీలోంచి లేచి, వెళ్తూ వెళ్తూ అలవాటుగా వాటి మీదుగా చెయ్యి తిప్పాడు.

"ఎడమ చివరిది ఖాళీగిన్నె. ఎందుకు పెట్టావు?"

"మూత కోసం వెతుకుతూ పెట్టి మర్చిపోయాను" అంది పిన్ని.

"మధ్యది చారు. దాని పక్కది అన్నం, నీళ్ళు ఇంకిపోయాయి, ఇంక..."

అక్కడ ఆగిపోయాడు. చెయ్యి అన్నం గిన్నె మీదే నిలిచిపోయింది. మళ్ళీ చారు మీదకి వెళ్ళింది. మళ్ళీ ఖాళీగిన్నె. పలక ఒకటే. వేడి ఒకటే. కానీ ఏ గిన్నె గోడలు ఆ గిన్నెవి.

ఆయన నోరు తెరిచాడు. మూశాడు. సబ్బాత్ నాడు పని చెయ్యకపోవడమే కాదు, రేపటి పని గురించి మాట్లాడకూడదు కూడా. ఆ నియమం మీద నాకు అంత పట్టింపు లేదు. ఆయనకి ఉంది. కుర్చీలో కూర్చున్నాడు. లేచాడు. మళ్ళీ కూర్చున్నాడు. కాళ్ళు ఆడించాడు.

"ఏమైంది నీకు? తేలు కుట్టిందా?" అంది పిన్ని.

"సాయంత్రం చెబుతాను."

"ఇప్పుడు చెబితే ఏం?"

"సాయంత్రం అన్నానుగా! చుక్కలు ఎప్పుడొస్తాయి ఓరెల్?"

"ఇంకా నాలుగు గంటలుంది మామో."

"నెమ్మదిగా వస్తాయి ఈ ఊళ్ళో" అని గొణిగాడు.

ఆ నాలుగు గంటల్లో పదిసార్లు నన్ను బయటికి పంపాడు. సబ్బాత్ ముగిసిందనడానికి గుర్తైన మూడు చుక్కలు కనపడ్డాయని నేను చెప్పగానే నా మాట నమ్మకుండా పక్కింటి ముసలాణ్ణి కూడా అడిగాడు. సబ్బాత్ ముగిసి, పిన్ని మూడో రోజు దీపాలు వెలిగించాక, ఆమెన్ అనీ అనగానే నా చొక్కా పట్టుకున్నాడు.

"అడ్డ రేకులు! గిన్నెకీ గిన్నెకీ మధ్య గోడ! రెండు మంటలు కలిస్తే అది దీపం కాదు, నెగడు అని పెద్దలు ఎప్పుడో చెప్పారు. యాభై ఏళ్ళు పెట్టెలు చేశాను, ఆ మాట గాలికొదిలేశాను. గాడిదని!"

"నాకు గురువారమే తోచింది మామో" అన్నాను. నోరు ఆగదు నాకు.

ఆయన చొక్కా వదల్లేదు. "తోచి చెప్పలేదా? మళ్ళీనా?"

పోయినేటి మాటే అది. ఆరో రోజున రెండు దీపాలు వెలగలేదని చెప్పనివాణ్ణి, ఈసారి పెట్టె ఎందుకు పనిచెయ్యలేదో కూడా చెప్పలేదు. మంచితనం అనుకున్నాను. దాన్ని ఆయన ఏమనుకున్నాడో ఆ పిడికిలిలో తెలిసింది.

"ఇకపై చెబుతాను" అన్నాను.

"చెప్పు. తిట్టినా చెప్పు."

ఆదివారం నుంచి మూడు రోజులు కొట్టులోనే. పైకప్పు ఊడదీశాడు. ఏడు అడ్డ రేకులు కోశాడు. వేళ్ళ మీద రెండు చోట్ల తెగింది. రెండో రేకు వంకరగా ఉందని చెప్పాను. తిట్టాడు. తడిమి చూసి, వంకరే అని పీకి మళ్ళీ పెట్టాడు. ఆ సాయంత్రాలు పిన్ని పాత పెట్టెలోనే వెలిగించింది. మంగళవారం వానలో పెట్టె ఇంటికి చేరింది.

బుధవారం మధ్యాహ్నం మళ్ళీ పరీక్ష. ఈసారి మా అమ్మ కూడా వచ్చింది, జామ్ కూరిన బూరెలు పళ్ళెంలో పెట్టుకుని, నాటకం చూడటానికి వచ్చినట్టు. మామో గోడవైపు తిరిగాడు. అస్మర్ పిన్ని తొందరపడలేదు. ఆరు వెలిగించింది. తలుపు మూసింది. చాలాసేపు ఆగింది. తర్వాత చప్పుడు చెయ్యకుండా తలుపు తెరిచి, ఐదోదాన్ని ఉఫ్ అని ఊది, మూసేసింది. నాకు కోపం వచ్చింది. ఇది అన్యాయం అనబోతే మా అమ్మ నా పాదం తొక్కింది.

"ఊ."

చెయ్యి మొదటి గొట్టం మీద ఆగింది. "ఇది ఉంది." రెండోది. "ఉంది." మూడోది. "లేదు. చల్లగా ఉంది." నాలుగోది. "ఉంది." ఐదోదాని దగ్గర ఆగాడు. అరచెయ్యి పైకెత్తాడు, దింపాడు. ముక్కు గొట్టం దగ్గరికి వంచాడు.

"ఇది వెలిగింది. ఇప్పుడే ఆరింది. వెచ్చదనం జారిపోతోంది." తల పైకెత్తాడు. "గాలికి ఆరలేదు. నువ్వు ఊదావు. ఉల్లిపాయ వాసన."

మా అమ్మ నోట్లో బూరె ఉండగానే నవ్వింది, పంచదార పొడి గాల్లోకి ఎగిరింది. అస్మర్ పిన్ని తలగుడ్డ అంచుతో నోరు మూసుకుంది. మిగతా మూడూ సరిగ్గా చెప్పాడు. ఆరోది ఉంది, ఏడోది లేదు, ఎనిమిదోది ఉంది.

ఆమె సొరుగు తెరిచి మైనపు వత్తి తీసి ఆయన అరచేతిలో పెట్టింది. ఆయన వేళ్ళు ముడుచుకున్నాయి.

ఏడో రోజు ఆ సాయంత్రమే. చినుకులు పడుతున్నాయి. ప్రార్థన నుంచి ఇంటికి పోతున్న హఖాం గారు గొడుగుతో మెట్టు దగ్గర ఆగారు. మా ఇంట్లో వాళ్ళం ఉన్నాం, పక్కింటి ముసలాయన ఉన్నాడు. మామో ఒంటి మోకాలి మీద కూర్చున్నాడు. పిన్ని వెలిగించిన మైనపు వత్తిని ఆయన చేతికి అందేలా పట్టుకుని పక్కనే నిలబడింది, కానీ ఆయన్ని ముట్టుకోలేదు. దీవెనలు చదివాడు. ఆజ్ఞ ఇచ్చినందుకు ఒకటి, ఆనాటి తండ్రులకి అద్భుతాలు చేసినందుకు ఒకటి.

ఎడమచేతి వేలు ఏడో గాటులో పెట్టాడు. కుడిచేత్తో మంట తెచ్చాడు. అంటుకుంది. ఆరో గాటు. ఐదు. వేలు జరుగుతోంది, మంట దాని వెనకే వస్తోంది. ఒకటో గాటు దాకా. ఏడూ. లెక్కపెట్టాను, మా అమ్మ లెక్కపెట్టింది, హఖాం గారి పెదాలు కూడా కదలడం చూశాను. ఆమెన్ అన్నాం. ఆ ఆమెన్ సందు చివరిదాకా వినపడి ఉంటుంది.

దీపాలు వెలిగే ఆ అరగంట ఆడవాళ్ళు ఏ పనీ చెయ్యరు. అస్మర్ పిన్ని చేతులు ఒళ్ళో పెట్టుకుని ఆయన పక్కన మెట్టు మీద చూరు కింద కూర్చుంది. దారిన పోయే ఇద్దరు ముగ్గురు ఆగి చూసి, పండుగ శుభాకాంక్షలు చెప్పి వెళ్ళారు. మామో ప్రతిసారీ రాజుగారిలా తల ఊపాడు.

వాన కాస్త పెరిగింది. అప్పుడు చూశాను. మూడోది చిటపటమంది. గొట్టంలోంచి ఒక చినుకు సరిగ్గా వత్తి మీద పడింది. మంట వంగింది, నీలంగా అయింది, పోయింది.

అందరూ చూశారు. నాకు తెలుసు, అందరూ చూశారు. మా అమ్మ నా వంక చూసింది. హఖాం గారు గొడుగు వంక చూసుకున్నారు. పోయినేడు ఇలాంటి క్షణమే ఒకటి ఉండింది, అది ఎంత పొడుగ్గా ఉంటుందో నాకు గుర్తుంది.

"మామో..." అన్నాను.

"నోరు ముయ్యి" అన్నాడు. అరచెయ్యి అప్పటికే గొట్టాల మీద ఉంది. "మూడోది. వాన చుక్క. ఇప్పుడే."

"అవును మామో. మూడోది."

"నువ్వు చెప్పబోయావు."

"చెప్పబోయాను."

"ఊ" అన్నాడు. అంతే. కానీ ఆ ఊ నాకు ఇంజనీరింగు పట్టాకంటే ఎక్కువ.

హఖాం గారు గొంతు సవరించుకున్నారు. "రహమీం, సరిగ్గా వెలిగించాక ఆరిపోతే మళ్ళీ వెలిగించక్కర్లేదు. వెలిగించడంతో నీ పని అయిపోయింది. తప్పేమీ లేదు."

"తెలుసండీ."

"వెలిగించినా తప్పు లేదు. దీవెన అక్కర్లేదు."

మామో పక్కకి చెయ్యి చాపాడు. పిన్ని మైనపు వత్తి అంటించి ఆ చేతిలో పెట్టింది. ఆయన వేలితో గాట్లు లెక్కపెట్టుకుని, మూడో గాటు దగ్గర ఆగి, తడిసిన వత్తికి మంట పట్టించాడు. అది చిటపటలాడింది, పొగ వదిలింది, వెలగనంది. ఆయన చెయ్యి తియ్యలేదు. వదిలేస్తాడేమో అనుకున్నాను, ఎందుకంటే నేనైతే వదిలేసేవాణ్ణి. చివరికి పట్టుకుంది. అరచెయ్యి పైన పెట్టాడు. ఆగాడు. మెల్లగా నవ్వాడు.

"ఏడు" అన్నాడు.

"ఏడు" అంది పిన్ని.

హఖాం గారు వెళ్ళిపోయారు. మా వాళ్ళు లోపలికి వెళ్ళారు. వాన పడుతూనే ఉంది. మామో ఒక్కో గొట్టం మూతిని బొటనవేలితో కొలుస్తున్నాడు, ఇంకా దానిలోంచి వేడి వస్తుండగానే.

"వీటికి చిన్న టోపీలు పెట్టాలి. వాన పడకుండా, వేడి మాత్రం పక్కనుంచి వచ్చేలా. వచ్చే ఏడాదికి చేస్తాను."

"వచ్చే ఏడాది ఎందుకు?" అంది అస్మర్ పిన్ని. "రేపు ఎనిమిదోది ఉంది. రేపూ వానేనట. పొద్దున్నే వెళ్ళి కొట్టు తాళం తియ్యి."